నాలుగు గంటల పాలు

"పాలల్లో ఏమీ లేదు," అంది ఆడపడుచు, సంచిలోంచి ఒక కాగితం తీసి బల్లమీద పెడుతూ.

ఆ మాట తల్లితో అంది. వదిన వైపు చూడలేదు.

ముందుగదిలో కుట్టుమిషను టకటక ఆగిపోయింది. సూదికింద బడిపిల్లల బ్యాడ్జీ ఒకటి సగం పువ్వుతో నిలిచిపోయింది.

"ఏ పాలల్లో?" అంది కోడలు.

గోడవార కుర్చీలో ఉన్న అత్తగారు కళ్ళజోడు తీసి తుడిచింది. అప్పటికే రెండుసార్లు తుడిచిన అద్దాలే.

"మిమ్మల్నే. ఏ పాలల్లో ఏమీ లేదు?"

"సోమవారం నువ్వు అమ్మకిచ్చిన పాలల్లో వదినా. సగం తాగి సగం సీసాలో పోసి ఉంచింది. మా ల్యాబులో తెలిసినాయన చేత చూపించాను."

కోడలు నవ్వింది. ఆ నవ్వు వినడానికి బాగోలేదు.

"చక్కెర సరిపోయిందన్నారా మరి?"

"ఎగతాళి చెయ్యకు. ఆ పూట లేనంత మాత్రాన ఎప్పుడూ లేనట్టు కాదు. మూడు వారాలైంది. రోజూ తలనొప్పి, కడుపులో తిప్పడం, కూర్చున్నచోటే తూగడం. నాలుగింటికి నువ్వు పాలిస్తావు, అయిదయ్యేసరికి అమ్మ మంచం ఎక్కుతుంది. మా ఇంట్లో నాలుగు రోజులుంది, తల నొచ్చిందన్న మాటే లేదు. ఇక్కడ గుమ్మంలో అడుగుపెట్టిన మర్నాడే మళ్ళీ మొదలు. నువ్వే చెప్పు, ఏమనుకోవాలి?"

"నన్నడిగితే ఏం చెప్తాను? మీరు అనుకునేది అనుకున్నారుగా, సీసాలో కూడా పట్టారు."

"ఆదివారం నొప్పి రాదు," అంది అత్తగారు. "ఆ రోజు పాలు మా అబ్బాయి ఇస్తాడు."

కోడలు ఈసారి నవ్వలేదు. మిషను మీది దీపం ఆర్పింది. సగం పువ్వున్న గుడ్డని చట్రంలోంచి విప్పి, నాలుగు మడతలు పెట్టి, పెట్టెలో పెట్టింది. అంత నిదానంగా మడత పెడుతుంటే చూడటం కంటే అరిస్తే నయమనిపించింది అత్తగారికి.

తర్వాత ఫోను తీసి అందరి ముందే మాట్లాడింది. "ఆరింటికి టాక్సీ కావాలండీ. అవును, మా ఇంటి దగ్గరికే. ఒక్కదాన్నే. ఒక పెట్టె."

"ఎక్కడికి?" అంది ఆడపడుచు.

"మా అక్క ఇంటికి. మిషను తర్వాత పంపించండి, పరీక్ష చేయించాకే పంపించండి."

అత్తగారు కోరుకున్నది ఇది కాదు. ఎవరో ఒకరు కనిపెట్టి, కోడలి చేత తప్పు ఒప్పించి, ఇకమీదట పాలు తనే కాచుకునే ఏర్పాటు చేస్తే చాలనుకుంది. మనిషి వెళ్ళిపోవడం ఆ లెక్కలో లేదు.

"వాడొచ్చేదాకా ఆగవే," అంది.

"ఆయన వచ్చినా నాతో మాట్లాడరు కదత్తయ్యా. మీకు తెలియంది కాదు."

అదీ నిజమే. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు లేక నెల దాటింది. కారణం జనరేటరు.

రోజూ మూడింటి నుంచి అయిదున్నర దాకా కరెంటు కోత. ఒక్క ఆదివారం లేదు. బ్యాడ్జీలు కుట్టే మిషనులో కంప్యూటరు పలక ఉంది. దానికి నిలకడైన కరెంటు కావాలి, మధ్యలో పోతే పువ్వు పాడు. అందుకని వీధందరికీ తెలిసిన ఎలక్ట్రీషియన్ని పిలిచారు. పెద్దాచిన్నా అందరూ ఆయన్ని ఫ్యూజు బాబాయ్ అంటారు. ఆయన ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి కాగితం మీద రాయించాడు: ఏవేవి నడవాలి, ఎంతసేపు నడవాలి. ఫ్రిజ్జు, నీళ్ళ మోటారు లాంటివి మొదలయ్యేటప్పుడు మామూలు కన్నా రెండింతలు మూడింతలు లాగుతాయని చెప్పాడు. మోటారు వద్దనుకుంటే చిన్న ఇన్వర్టరు రకం జనరేటరు చాలు, చప్పుడూ తక్కువ, మిషనుకీ మంచిది అన్నాడు. కోడలు అదే కావాలంది. కొడుకు సరేనని వెళ్ళి, మోటారు కూడా లాగే పెద్దది పట్టుకొచ్చాడు. పొడుగాటి పిడి, రెండు చక్రాలు, ట్రాక్టరంత చప్పుడు. దాని కరెంటుకి మిషను కుట్లు తప్పుతుంటే, నడుమ పెట్టడానికి కరెంటు నిలకడ చేసే పెట్టె ఇంకోటి కొనాల్సి వచ్చింది.

"అడిగింది నేను, కొన్నది మీరు," అని కోడలు ఆనాడు ఒక్క మాట అంది. "అయితే నాకేం చెప్పకు ఇక," అని కొడుకు ఒక్క మాట అన్నాడు. ఆ రెండు మాటలే ఆఖరివి. ఉప్పు అయిపోయిందన్నా, గ్యాసు అయిపోయిందన్నా గోడకి చెప్పినట్టు చెప్పుకుంటున్నారు.

"ఇప్పుడు రెండున్నర," అంది కోడలు. "ఆరు దాకా నేను ఈ ఇంటి మనిషినే. అత్తయ్యా, ఈ పూట పాలివ్వను. నీళ్ళివ్వను. మీ గదిలో మీ ఎదురుగా కూర్చుంటాను, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని. మీకు తలనొప్పి రాకపోతే విషం పెట్టేది నేనేనని మీ అమ్మాయి ఆ కాగితం వెనక రాయొచ్చు. నేనే సంతకం చేస్తాను."

"వస్తే?" అంది ఆడపడుచు.

"వస్తే టాక్సీ ఎక్కేటప్పుడు తలెత్తుకుని ఎక్కుతాను. అంతే."

"అమ్మా, ఒప్పుకోకు."

కానీ అత్తగారు అప్పటికే లేచింది.

మూడింటికి కరెంటు పోయింది. కోడలు ఎప్పటిలాగే వీధి వైపు నుంచి ఇంటిపక్క సందు గేటు తాళం తీసింది. తాడు రెండుసార్లు లాగేసరికి జనరేటరు రంకె వేసింది. తిరిగొచ్చి, అత్తగారి గదిలోకి నడిచి, లోపల గడియ వేసింది.

"గడియ ఎందుకు?" అంది బయటినుంచి ఆడపడుచు.

"మధ్యలో నువ్వొచ్చి ఏదో అందిస్తే, అది నేనిచ్చానని రేపు ఇంకో కాగితం తెస్తావు."

ఆడపడుచు గుమ్మం ముందు కుర్చీ వేసుకుంది. కుర్చీ కాళ్ళు నేలమీద రాసుకున్న చప్పుడు లోపలికి వినిపించింది.

చిన్న గది. మంచం, పుస్తకాల బల్ల, సందు వైపు ఒక కిటికీ. చప్పుడు పడలేక అత్తగారు ఆ కిటికీ ఎప్పుడూ మూసే ఉంచుతుంది. దానిమీద వెంటిలేటరు మాత్రం తెరిచి ఉంటుంది, చిన్న తెరతో. మంచం కింద ఆకుపచ్చ రేకుపెట్టె.

కోడలు స్టూలు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అత్తగారు ఆ చేతుల్నే చూసింది. సూది గుచ్చుకున్న మచ్చలు, చూపుడువేలి మీద నూనె మరక. ఆ చేతులతోనే కదా రోజూ గ్లాసు అందుకుంటున్నాను అనుకుంది.

చాలాసేపు జనరేటరే మాట్లాడింది.

"పెళ్ళైన కొత్తలోనే అడుగుదామనుకున్నాను," అంది కోడలు కొంచెం గొంతు పెంచి. "ఆ రేకుపెట్టె ఎవరిది? మీరు ముట్టుకోరు, ఎవర్నీ ముట్టుకోనివ్వరు."

"మా చెల్లిది."

"మీకు చెల్లెలుందా!"

పోయేదే కదా ఈ పిల్ల, చెప్తే ఏం పోయింది అనిపించింది అత్తగారికి.

"నా చెవి కమ్మ ఒకటి కనపడలేదు. అప్పుడు అది మా ఇంట్లో ఉండి చదువుకునేది. నువ్వే తీశావన్నాను. కాదంది. ఎదురుగా నిలబడి కాదు కాదు అంటూనే ఉంది, నేను వినలేదు. ఆ సాయంత్రమే బండెక్కింది. ఈ పెట్టె తర్వాత తీసుకెళ్తానంది. వెనక్కి తిరిగి చూడలేదు. నలభై ఏళ్ళు."

"కమ్మ దొరికిందా?"

"నాలుగు నెలలకి. దిండు గలీబులో."

"చెప్పారా ఆవిడకి?"

అత్తగారు తల అడ్డంగా ఊపింది. "ఏ మొహంతో చెప్పేది? రేపు చెప్దాం, పండక్కి చెప్దాం అనుకున్నాను. ఇల్లు మారారు. ఉత్తరం తిరిగొచ్చింది."

కోడలు జాలిపడిందో, తనకి కావలసిన రుజువు దొరికిందనుకుందో ఆ ముఖంలో తెలియలేదు. అత్తగారికి మళ్ళీ అనుమానం పట్టుకుంది. ఇది నా చేత ఎందుకు మాట్లాడిస్తోంది? బయట కూతురు వింటోందా?

"ఎప్పుడు మొదలవుతుంది మీకు?" అంది కోడలు కాసేపటికి.

"ఏది?"

"నొప్పి."

అత్తగారు కణతలు ముట్టుకుని చూసుకుంది. అప్పుడు గమనించింది. మొదలయ్యే ఉంది. పాలు లేవు, నీళ్ళు లేవు, ఎవరి చెయ్యీ తగల్లేదు. తలచుట్టూ ఎవరో తడిగుడ్డ బిగించి కట్టినట్టు, రోజూ వచ్చే నొప్పే.

"వచ్చింది," అంది.

చెప్పగానే సిగ్గేసింది. సిగ్గు కంటే ముందు భయం వేసింది. ఈ పిల్ల కాకపోతే మరెవరు?

కోడలు నవ్వుతుందనుకుంది. ఎత్తిపొడుస్తుందనుకుంది. కానీ కోడలు నుదురు పట్టుకుని ముందుకి వంగి ఉంది.

"అత్తయ్యా, నాకూ."

"నీకూ ఏమిటి?"

"నాకూ నొప్పిగా ఉంది. కళ్ళు తిరుగుతున్నాయి. పొద్దున ఏమీ లేదు నాకు."

అత్తగారు తలెత్తింది. వెంటిలేటరు తెర లోపలికి ఊగుతోంది. గాలి లేని మధ్యాహ్నం. తెర పైన తెల్లటి గోడమీద జానెడు మేర మసి. ఎప్పుడు పట్టిందో, రోజూ దానికిందే పడుకుని తను చూడనే లేదు.

ఆ మసి చూస్తూ ఉండగా ఆమెకి అంతా తెలిసిపోయింది. జనరేటరు ఆ వెంటిలేటరు కిందికి ఎలా వచ్చిందో కూడా.

నోరు తెరిచింది. మాట రాలేదు. నాలుక మందంగా ఉంది. అది పొగ వల్లో, తన గుణం వల్లో ఆమెకే తెలియలేదు.

కోడలు లేవబోయి గోడ పట్టుకుంది. "లేవండి. అత్తయ్యా! పడుకోకండి, లేవండి!" గడియ ఒక్క లాగుకి రాలేదు. రెండో లాగుకి వచ్చింది. తలుపు తెరుచుకునేసరికి ఆడపడుచు నిలబడి ఉంది.

"ఏం చేశావు మా అమ్మని?"

"తర్వాత తిడుదువుగాని. ముందు ఆ చెయ్యి పట్టుకో."

ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని ఆమెను ముందుగది దాటించి, వీధి మెట్ల మీదికి తెచ్చి కూర్చోబెట్టారు. కోడలు తూలుకుంటూ సందులోకి వెళ్ళింది. జనరేటరు ఆగిపోయింది. వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

కోడలు ఫోను చేస్తే అయిదున్నరకి ఫ్యూజు బాబాయ్ వచ్చాడు. వెనకే డిపో నుంచి కొడుకు వచ్చాడు. బస్సులు వచ్చే వేళా వెళ్ళే వేళా రాసే ఉద్యోగం అతనిది. ఇంట్లో ఏ వేళకి ఏం జరుగుతోందో మాత్రం ఎవరైనా చెప్తే గాని తెలియదు. బాబాయ్ సందులోకి తొంగిచూసి, కటకటాల గేటుకి లోపలి నుంచి కట్టిన టార్పాలిన్ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

"ఎవరయ్యా ఇది కట్టింది? నేనెక్కడ పెట్టాను దీన్ని? గేటు దగ్గర, గొట్టం వీధి వైపు పెట్టి, జానెడు కూడా జరపొద్దని చెప్పానా లేదా? ఇప్పుడు ఎక్కడుంది? పెద్దావిడ తలకింద! గొట్టం గోడకేసి!"

"పొగ వాసన కూడా రాలేదే," అంది ఆడపడుచు.

"చంపేదానికి వాసనుండదమ్మా. రంగుండదు. ఈ మూసిన సందులో నిండిపోయి కంత ఎక్కడుంటే అక్కడ దూరుతుంది. తలనొప్పి, తూగు, ఆ తర్వాత లేవరు. బతికున్నారంటే తలుపులు తెరిచి ఉండబట్టి. ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి ఇద్దర్నీ. బయటి గాలికి తేలిగ్గా ఉందని కూర్చోకండి. రక్తం చూస్తే చెప్తారు."

కోడలు ఆడపడుచు వైపు తిరిగింది. "పాలు పరీక్ష చేయించావు. రక్తాలు తీసే ఉద్యోగం చేస్తూ, మీ అమ్మ రక్తం మాత్రం తియ్యలేదు."

ఆడపడుచు ముఖం ఎర్రబడింది. కొడుకు సందులోకీ భార్య వైపూ మార్చి మార్చి చూశాడు. నెల తర్వాత మొదటి మాట అన్నాడు.

"నువ్వు లోపలికి జరిపావనుకున్నాను. మిషను దగ్గరికి చప్పుడొస్తోందని."

"నేనా? మీరే జరిపారనుకున్నాను, ఎండ తగలకుండా. కొన్నది మీరు, మీ ఇష్టమని ఊరుకున్నాను."

"మరి అడగొచ్చుగా!"

"నాకేం చెప్పకు అన్నది ఎవరు?"

ఫ్యూజు బాబాయ్ తల గోక్కున్నాడు. "బాగుందయ్యా సంసారం. మూడు వారాలు ఇద్దరూ దాంట్లో పెట్రోలు పోస్తూ, ఇది ఇక్కడికెలా వచ్చిందని ఒకర్నొకరు అడగలేదు."

"ఇద్దరూ జరపకపోతే ఎవరు జరిపినట్టు?" అంది ఆడపడుచు. సిగ్గుపడ్డ మనిషికి కోపం త్వరగా వస్తుంది. "గేటుకి తాళముంది. ఒక చెవి అన్నయ్య బండి తాళాలతో ఉంటుంది, డిపోకి పోతుంది. పొద్దస్తమానం ఇంట్లో ఉండే చెవి నీదొక్కటే వదినా. పాలతో కాకపోతే పొగతోనా?"

"నోర్ముయ్యి," అన్నాడు కొడుకు. కానీ ఆ మాటలో బలం లేదు. అతను కూడా భార్య ముఖంలోకి చూశాడు, ఒక్క క్షణమే.

ఆ ఒక్క క్షణం కోడలికి కనపడింది.

"తాళంతో పాటు మూడు చెవులిచ్చాను నేను," అన్నాడు ఫ్యూజు బాబాయ్. "మూడోది ఏమైంది?"

"అది మొదట్లోనే పోయిందన్నారు," అంది కోడలు మెల్లిగా.

మెట్ల మీద అత్తగారు కదిలింది. ఒళ్ళో కళ్ళజోడు పెట్టె ఉంది. కూలిపోతూ కూడా చేతపట్టుకుని తెచ్చిన పెట్టె. దాన్ని ఆమె తెరవలేదు. తెరవకపోతే ఏమవుతుందో తెలుసు. ఆరింటికి టాక్సీ వస్తుంది. ఈ పిల్ల ఎక్కుతుంది. రెండు ముఖాల్లో అనుమానం చూసి ఎక్కుతుంది. నలభై ఏళ్ళ కిందట దిండు గలీబులో కమ్మ చేతికి తగిలినప్పుడు ఇలాగే కూర్చుంది తను.

అద్దాలు తుడిచే గుడ్డ కిందినుంచి తాళంచెవి తీసి మెట్టు మీద పెట్టింది.

"పాత ఇనుము కొనేవాడు గేటు దగ్గర నిలబడి అదేపనిగా దాన్నే చూశాడు," అంది. "రెండు రోజులు చూశాడు. ఎత్తుకుపోతాడనిపించింది. మధ్యాహ్నం నువ్వు మిషను మీదున్నావు. పిడి పట్టుకుంటే బాగానే కదిలింది. వీధిలోకి కనపడకుండా లోపలికి లాగి, గొట్టం తిప్పి, ఆ గుడ్డ కట్టాను. మీరెవరూ అడగలేదు. అడిగితే నవ్వుతారని నేనూ చెప్పలేదు."

ఆడపడుచు చేతిలోని ల్యాబు కాగితం నాలుగు మడతలై, ఎనిమిది మడతలై, పిడికిట్లోకి పోయింది.

కోడలు వంగి తాళంచెవి తీసుకుంది. తిప్పి చూసింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"గదిలో. నీకూ నొప్పి వచ్చిందన్నావే, అప్పుడు."

"రెండు గంటలైంది."

"అవును."

"ఈ రెండు గంటలూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వెళ్ళిపోతావని."

"చెప్పకపోయినా వెళ్తున్నానుగా అత్తయ్యా."

ఇంటిముందు టాక్సీ వచ్చి ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఒక్కరే అన్నారు, పెట్టె ఒకటి?" అన్నాడు.

కోడలి పెట్టె గుమ్మంలో నిలబెట్టి ఉంది.

"ఈవిణ్ణి ఎక్కించుకోండి," అంది కోడలు. "ఆసుపత్రికి. ఏవండీ, మీరు ముందు కూర్చోండి. నువ్వు వెనక అమ్మ పక్కన కూర్చో, తల వాలనివ్వకు."

"నువ్వూ రావాలి," అన్నాడు కొడుకు. "నువ్వూ పీల్చావు ఆ గాలి. ఇద్దర్నీ అన్నాడు బాబాయ్."

"నాకు ఇంకో బండి దొరుకుతుంది."

"ఆసుపత్రికేనా?"

కోడలు వినపడనట్టు అత్తగారి కాళ్ళు సర్ది లోపల పెట్టి, తలుపు వేసింది. చెయ్యి వెంటనే తియ్యలేదు. అత్తగారు అద్దం లోపలి నుంచి ఆ చేతిని చూసింది. చూపుడువేలి మీద నూనె మరక, పిడికిట్లో తాళంచెవి.

టాక్సీ కదిలింది.

ఇంతకాలం గుమ్మంలో నిలబడి వెళ్ళిపోయేవాళ్ళని చూడటమే గాని, ఇలా మనిషిని గుమ్మంలో వదిలి బండిలో వెళ్ళడం ఎలా ఉంటుందో అత్తగారికి తెలియదు. చెల్లెలు వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె చూసింది. కూతురు వద్దంటున్నా మెడ తిప్పి, వెనక అద్దంలోంచి చూసింది.

ఫ్యూజు బాబాయ్ జనరేటర్ని సందులోంచి బయటికి లాగుతున్నాడు. గుమ్మంలో కోడలు ఒక్కతే నిలబడి ఉంది. తర్వాత వంగింది. పెట్టె పిడి పట్టుకుంది.

లోపలికి తిప్పిందో వీధిలోకి తిప్పిందో కనపడేలోగా టాక్సీ మలుపు తిరిగింది.